డిజైన్‌ఆప్స్: ప్రయోగానికి వేళ ఎందుకు దొరకడం లేదు?

డిజైనర్ పని మొదలుపెట్టకముందు జరగాల్సినవీ, ముగించాక జరగాల్సినవీ చూసుకునేది డిజైన్ ఆపరేషన్స్, అంటే డిజైన్‌ఆప్స్ బృందం. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, నియామకాలు, కొత్తగా చేరినవారికి శిక్షణ, డిజైన్ సిస్టమ్ (అన్ని బృందాలూ వాడాల్సిన బటన్లు, రంగులు, నియమాల ఉమ్మడి నిధి) నిర్వహణ, ఏ పని ఎవరి దగ్గర ఆగిందో కనిపెట్టడం, అన్నీ దాని నెత్తినే. ఇక్కడ కొత్త ఆలోచనలు పుట్టడం లేదని పైవాళ్లు తరచూ అసంతృప్తి పడతారు, మనుషుల్లో చొరవ లేదని తేల్చేస్తారు. ఈ విభాగం ఎలా పుట్టిందో చూస్తే తప్పు వాళ్లది కాదని నాకనిపిస్తుంది.

పేరు కొత్తదే గానీ పని పాతది. 1907లో జర్మన్ విద్యుత్ సంస్థ ఏఈజీ, వాస్తుశిల్పి పీటర్ బెహ్రెన్స్‌ను కళా సలహాదారుగా పెట్టుకుంది. కంపెనీ చిహ్నం మొదలు కరెంటు కెటిల్, ఫ్యాక్టరీ భవనం దాకా ఒకే చూపు కిందికి వచ్చాయి. 1956లో ఐబీఎం, డిజైనర్ ఎలియట్ నోయెస్‌తో అలాంటి కార్యక్రమమే మొదలుపెట్టింది. తర్వాత ప్రమాణాల మాన్యువళ్ల కాలం. న్యూయార్క్ సబ్‌వే సూచికల కోసం మాసిమో విన్యెల్లీ, బాబ్ నూర్డా రూపొందించిన 1970 నాటి మాన్యువల్ వీటిలో ప్రసిద్ధం. ఎవరు చేసినా ఒకేలా రావాలన్నదే ఈ పుస్తకాల లక్ష్యం. అక్కడ తేడా కనిపిస్తే అది ప్రయోగం కాదు, దోషం. డిజైన్ నిర్వహణకు ఈ స్వభావం అప్పుడే అబ్బింది.

రెండో వారసత్వం సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. 2001లో పదిహేడు మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు ఎజైల్ మేనిఫెస్టో ప్రకటించాక అభివృద్ధి చిన్న చిన్న విడతల్లోకి మారింది, డిజైనర్లు వేర్వేరు ప్రాడక్ట్ బృందాల్లోకి చెదిరిపోయారు. ఒకే బటన్‌ను నాలుగు బృందాలు నాలుగు రకాలుగా గీయడం మామూలైంది. 2009 జూన్‌లో ఫొటోల వెబ్‌సైట్ ఫ్లికర్ ఇంజనీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ రోజుకు పదికి పైగా డిప్లాయ్‌మెంట్లు (కొత్త కోడ్‌ను వాడుకలోకి పంపడం) ఎలా చేస్తున్నారో ఒక సదస్సులో వివరించారు. అదే ఏడాది అక్టోబరులో పాట్రిక్ డెబోయిస్ బెల్జియంలోని గెంట్‌లో డెవ్‌ఆప్స్ డేస్ అనే సదస్సు నిర్వహించాడు. కోడ్ రాసేవాళ్లూ (డెవలప్‌మెంట్) దాన్ని నడిపేవాళ్లూ (ఆపరేషన్స్) కలిసి పనిచేయడమే డెవ్‌ఆప్స్. ఆ పేరు ఒరవడిలోనే తర్వాత డిజైన్‌ఆప్స్ వచ్చింది. ఫిల్ గిల్బర్ట్ నాయకత్వంలో ఐబీఎం 2010ల్లో డిజైనర్ల సంఖ్యను వెయ్యి దాటించింది. అంత మంది ఉన్నప్పుడు నడిపించడమే వేరే ఉద్యోగం అవుతుంది. 2017 నాటికి న్యూయార్క్‌లో ఈ రంగానికి సొంత సదస్సే జరిగింది.

పేరుతోపాటు రావాల్సింది ఒకటి మాత్రం రాలేదు. గూగుల్‌లో 2003లో బెన్ ట్రైనర్ స్లాస్ మొదలుపెట్టిన సైట్ రిలయబిలిటీ (సేవలు ఆగకుండా చూసే) విభాగానికి ఒక నియమం ఉంది: టికెట్లు (వచ్చిపడే పని అభ్యర్థనలు), ఆన్‌కాల్ (అత్యవసరానికి సిద్ధంగా ఉండే వంతు), చేత్తో చేసే పనులు, అంటే నిర్వహణ చాకిరీ, అంతా కలిపి వాళ్ల సమయంలో సగం దాటకూడదు. మిగతా సగం ఆ చాకిరీని తగ్గించే కోడ్ రాయడానికే. పని ఆ హద్దు దాటితే అదనపు భారాన్ని ఉత్పత్తి తయారుచేసిన బృందానికే తిప్పి పంపొచ్చు. ఇందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు. వ్యవస్థ పెరిగేకొద్దీ మనుషులనూ అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే ఏ సంస్థా తట్టుకోలేదు.

డిజైన్‌ఆప్స్‌లో సాధారణంగా అలాంటి హద్దు లేదు. డిజైనర్లకు మిగిల్చిన గంటల్ని తర్వాతి రిలీజ్ మింగేస్తుంది. ఆప్స్ మనిషి ఒక పనిని ఆటోమేట్ చేస్తే బహుమానంగా మరిన్ని టికెట్లు వస్తాయి. రెండోసారి ఎవరు చేస్తారు?

పద్ధతికీ ప్రయోగానికీ మధ్య ఈ పెనుగులాట డిజైన్‌తో మొదలైంది కాదు. సాంకేతిక సిబ్బంది తమ సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోవచ్చన్నది త్రీఎం కంపెనీలో దశాబ్దాల ఆనవాయితీ. 2000 చివర్లో జీఈ నుంచి వచ్చిన కొత్త అధిపతి జేమ్స్ మెక్‌నర్నీ సిక్స్ సిగ్మా (కొలతలతో లోపాలను తగ్గించే నాణ్యతా పద్ధతి) తెచ్చాడు. అది పరిశోధనశాలల్లోకీ చొరబడింది. ఖర్చులు తగ్గాయి, పరిశోధకులు మాత్రం కాగితాల్లో మునిగారు. 2005లో ఆయన వెళ్లాక వచ్చిన జార్జ్ బక్లీ పరిశోధన విభాగంలో దాన్ని సడలించాడు.

అయినా ఆ 15 శాతాన్ని యథాతథంగా డిజైన్‌ఆప్స్‌కు తేవడం దండగ. శుక్రవారం ప్రయోగం చేసుకోమంటే శుక్రవారం టికెట్లు సోమవారం కూర్చుని ఉంటాయి. పని వెనక్కి పంపే హక్కు లేకుండా ఇచ్చిన ఖాళీ సమయం ఖాళీగా ఉండదు.

నిర్వహణలోంచి కొత్తదనం పుట్టదన్న మాటా నిజం కాదు. డిజైన్ టోకెన్లే తీసుకోండి. రంగులు, ఖాళీలు, అక్షరాల పరిమాణాలకు పేర్లు పెట్టి ఒకేచోట ఉంచి, వెబ్‌కూ ఫోన్లకూ అక్కడి నుంచే పంపే ఈ పద్ధతి 2010ల మధ్యలో సాఫ్ట్‌వేర్ సంస్థ సేల్స్‌ఫోర్స్ డిజైన్ సిస్టమ్ బృందంలో రూపుదిద్దుకుంది. ఒకే విలువను పది చోట్ల మార్చాల్సిన విసుగే దానికి మూలం. ఆ విసుగును కోడ్‌గా మార్చగల నైపుణ్యమూ వెసులుబాటూ వాళ్లకు ఉన్నాయి. ఇప్పుడు దానికి ఉమ్మడి ఫార్మాట్ రూపొందించడానికి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆధ్వర్యంలో ఒక కమ్యూనిటీ గ్రూప్ పనిచేస్తోంది.

2022, 2023ల్లో టెక్ కంపెనీలు ఉద్యోగుల్ని తగ్గించినప్పుడు, ఉత్పత్తిలో నేరుగా కనిపించని ఇలాంటి పనుల విలువ నిరూపించుకోమన్న ఒత్తిడి పెరిగింది. దాని వెంటే జెనరేటివ్ ఏఐ సాధనాలు వచ్చాయి. దేన్ని అనుమతించాలి, కస్టమర్ల డేటా ఎటు పోతుంది, ఏఐ గీసిన స్క్రీన్ డిజైన్ సిస్టమ్‌లో ఇముడుతుందా అని పరీక్షించడం అచ్చమైన ప్రయోగమే. చాలాచోట్ల ఆ పని కూడా ఆప్స్ వరుసలోకి ఇంకో టికెట్‌గానే వచ్చి చేరుతోంది.