పావురానికి ఎన్ని పేర్లు?

ప్యాసింజర్ పిజియన్ అనే పావురం ఇప్పుడు లేదు. చిట్టచివరిదైన మార్తా 1914 సెప్టెంబర్ 1న అమెరికాలోని సిన్సినాటి జూలో చనిపోయింది. ఒకప్పుడు సూర్యుడు కనబడనంత గుంపులుగా ఎగిరిన పక్షి అది! ఇప్పుడు దాని గురించి తెలియాలంటే మ్యూజియం నమూనాలు, పాత పుస్తకాలే దిక్కు. వాటిలో ఒకటి, ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త మార్క్ కేట్స్‌బీ 1729 నుంచి భాగాలుగా వెలువరించిన, అమెరికాలోని కరోలినా ప్రాంతపు ప్రకృతి చరిత్ర. అందులో ఈ పావురం ఓక్ ఆకు పక్కన రంగుల్లో కనిపిస్తుంది.

మిగతా సైన్సులో పుస్తకం పాతబడితే అటకెక్కుతుంది. జీవుల వర్గీకరణలో అలా కుదరదు. ఒక జీవికి ముందు పెట్టిన పేరుదే హక్కు కాబట్టి, మొక్కలకైతే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753 నాటి పుస్తకం దాకా, జంతువులకైతే 1758 నాటి పుస్తకం దాకా వెనక్కి వెళ్లాల్సిందే. ఆ పుస్తకాలేమో ఏ కొద్ది పెద్ద లైబ్రరీల్లోనో ఉంటాయి. వాటికి వేల మైళ్ల దూరంలో ఉన్న పరిశోధకుడి సంగతేంటి? అందుకే 2006లో కొన్ని సహజ చరిత్ర లైబ్రరీలు కలిసి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ లైబ్రరీని మొదలుపెట్టాయి. ఇప్పుడు అందులో 6 కోట్లకు పైగా పేజీలు ఉచితంగా చదవొచ్చు.

కానీ స్కాన్ చేసిన పేజీ కంప్యూటర్‌కి ఒక ఫొటో, అంతే. అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉందనుకోండి, దానికీ తిప్పలే. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ అచ్చులో 'ఎస్' చాలా చోట్ల పొడుగ్గా, 'ఎఫ్' లాగే ఉండేది. దాంతో సూర్యుడు అనే అర్థంలో ఉన్న 'సన్' కాస్తా 'ఫన్' అయిపోతుంది! ఇలాంటివి మనిషి కూర్చుని దిద్దాలి. పాత పుస్తకాల పాఠాన్ని ఆన్‌లైన్‌లో పెట్టే వికీసోర్స్ వలంటీర్లు చేసేది ఈ పనే, పేజీ తర్వాత పేజీ.

పేర్ల చిక్కు ఇంకా పెద్దది. కేట్స్‌బీ ఈ పక్షిని 'పిజియన్ ఆఫ్ పాసేజ్' అన్నాడు. 1766లో లిన్నేయస్ 'కొలంబా మైగ్రటోరియా' అన్నాడు. ఈనాటి శాస్త్రీయ నామం 'ఎక్టోపిస్టెస్ మైగ్రటోరియస్'. ఈ కొత్త పేరుతో వెతికితే పాత పేజీ ఎలా దొరుకుతుంది? 2012లో మొదలైన, వికీపీడియాకి తోబుట్టువు లాంటి సమాచార భాండాగారం వికీడేటా అక్కరకొచ్చేది ఇక్కడే. అందులో ప్రతి విషయానికీ ఒక నంబర్ ఉంటుంది. పాత పేర్లను ఇప్పటి పేరుతో కలిపి, మొదటి వర్ణన ఉన్న లైబ్రరీ పేజీకి లింక్ ఇవ్వొచ్చు. ఎవరో ఒకసారి ఆ ముడి వేస్తే చాలు, ఏ భాషలో వికీపీడియా రాసేవాళ్లయినా వాడుకోవచ్చు. కాపీరైట్ తీరిపోయిన బొమ్మలు వికీపీడియా వాళ్ల ఉచిత బొమ్మల నిల్వ అయిన కామన్స్‌కి చేరితే, వ్యాసానికి బొమ్మ కూడా దొరికినట్టే.

తప్పు ముడి పడితే అదీ అంతే వేగంగా అన్ని చోట్లకూ పాకుతుంది. అందుకే నా లెక్కలో వేయి పేజీలు స్కాన్ చేసిన మెషిన్ కన్నా, ఒక్క పేరు సరిచూసిన మనిషి పనే కష్టం.

ఈ ముడులు జీవులకే కాదు, మనుషులకీ కావాలి. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ పుస్తకాల్లో చాలా పక్షుల బొమ్మల కింద 'జె అండ్ ఇ గౌల్డ్' అని ఉంటుంది. ఆ 'ఇ' ఎవరు? అతని భార్య ఎలిజబెత్. డార్విన్ బీగిల్ అనే ఓడలో చేసిన యాత్ర నుంచి తెచ్చిన పక్షుల పుస్తకానికి 50 బొమ్మలు వేసింది ఆమే. 1841లో, 37 ఏళ్లకే చనిపోయింది. లైబ్రరీ పాత కేటలాగ్ కార్డులో భర్త పేరు వెనక ఒక్క అక్షరంగా మిగిలిపోగల మనిషి. వికీడేటాలో ఆమెకు సొంత నంబర్ ఉంది. ఆమె బొమ్మలు కావాలంటే ఇప్పుడు ఆయన పేరు మీదుగా వెళ్లక్కర్లేదు.