డీజిల్ పికప్ బండి మిస్ కొడుతుంటే: అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం ఎత్తిన బండైనా, నల్లగొండ బత్తాయితో బాటసింగారం మార్కెట్‌కు పోయే బండైనా షెడ్డుకొచ్చాక డ్రైవర్ చెప్పేది ఒకటే: "ఉస్తాద్, మిస్ కొడ్తుంది, బండి గుంజుత లేదు." మిస్ అంటే సిలిండర్‌లో డీజిల్ సరిగ్గా మండకపోవడం. అంతే, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పుడు మొదలు. ముందు పట్టుకోవాల్సింది ఏ సిలిండర్ పని చేయట్లేదన్నది.

అపోహ: ప్లగ్గులు మారిస్తే సరి.
డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గే ఉండదు. నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఉండేది హీటర్ ప్లగ్గు, అదీ చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి. చలికాలం పొద్దున ఒకటి రెండు నిమిషాలు తెల్ల పొగతో తడబడి, తర్వాత సాఫీగా నడిస్తే దాన్ని అనుమానించొచ్చు. వైరు తీసి మల్టీమీటర్ పెడితే మంచి ప్లగ్గు మామూలుగా 2 ఓమ్‌ల లోపు చూపిస్తుంది, కాలినదైతే రీడింగే రాదు. మే నెల ఎండలో వేడెక్కిన ఇంజన్ మిస్ కొడుతుంటే దాని జోలికి పోవడం దండగ.

అపోహ: మిస్ అంటే ఇంజెక్టర్ పోయినట్టే.
ముందు శబ్దం వినాలి. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి వేగం) నిమిషానికి 800 చుట్లు అనుకుంటే ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు పేలుతుంది. ఒకటి చచ్చిపోతే వణుకు తప్పకుండా అదే లయలో వస్తుంది. లయ లేకుండా ఒకసారి తడబడి, ఒకసారి బాగుండి, ఎక్కుడులో చతికిలబడితే అన్ని సిలిండర్లకూ డీజిల్ సరిగ్గా అందట్లేదని అర్థం. అప్పుడు ఫిల్టర్ కింది స్క్రూ వదిలి నీళ్లు తీయాలి. డ్రమ్ముల్లో నిల్వ పెట్టిన డీజిల్ పోసిన బండ్లలో ఇది తరచూ దొరుకుతుంది. తర్వాత ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శకమైన పైపు ముక్క పెట్టి చూడాలి. ఆగకుండా బుడగలు పోతుంటే ఎక్కడో గాలి గుంజుతోంది: చిట్లిన పైపు, వదులైన క్లిప్పు, ఫిల్టర్ సీలు.

ఒకే సిలిండర్ అయితే, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాల్లోపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నోళ్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపించండి. మిగతా వాటికంటే బాగా చల్లగా ఉన్నదే దొంగ. ఆ ఇంజెక్టర్ మొదలు దగ్గర తారులాంటి నల్ల మడ్డి, "చుస్ చుస్" మని గాలి శబ్దం ఉంటే కింది రాగి వాషర్ లీకు. ఇంజెక్టర్ మంచిదే, కూర్చునే చోటు కట్టర్‌తో శుభ్రం చేసి కొత్త వాషర్ వేస్తే చాలు. పాత వాషర్ కాల్చి మళ్లీ వేసే అలవాటు మానేయాలి.

అపోహ: నడుస్తున్న ఇంజన్‌లో ఇంజెక్టర్ పైపు నట్టు వదిలితే ఏ సిలిండరో తెలిసిపోతుంది.
పాత మెకానికల్ పంపు బండ్లకు ఆ పద్ధతి సరే. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ బండ్లలో ఐడిల్‌లోనే ఒత్తిడి సుమారు 250-300 బార్, లోడు మీద 1,600 దాకా, కొన్నిట్లో ఇంకా పైన ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. గాయం సూదిపోటంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. నడుస్తున్న ఇంజన్‌లో ఇంజెక్టర్ సాకెట్ పీకొద్దు, అక్కడ 60 వోల్టులకు పైగా వస్తుంది. బండి కంప్యూటర్‌కు తగిలించే స్కానర్‌తో ఒక్కో సిలిండర్ కట్ చేయండి. ఏది కట్ చేస్తే శబ్దం మారదో అదే.

అపోహ: స్కానర్ పీ0302 చూపించింది, రెండో ఇంజెక్టర్ మార్చేయ్.
ఆ కోడ్ రెండో సిలిండర్ మిస్ అవుతోందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. రెండు, మూడు ఇంజెక్టర్లు తారుమారు చేసి, కొత్త వాషర్లు వేసి, ఇంజెక్టర్ల మీద ముద్రించి ఉండే కోడ్‌లను స్కానర్‌లో కొత్త స్థానాలకు ఎక్కించండి. మిస్ మూడుకు పోతే ఇంజెక్టర్‌దే తప్పు. రెండులోనే ఉంటే వైరింగ్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు ఒత్తిడి) చూడాలి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కొచ్చే డీజిల్‌ను ఒక్కో సీసాలో పట్టే రిటర్న్ టెస్ట్ కూడా అంతే: మిగతా వాటికి రెండింతలు నిండితే ఆ ఇంజెక్టర్ లీకే, కానీ సమానంగా నిండినంత మాత్రాన నాజిల్ (ఇంజెక్టర్ చిమ్మే ముక్కు) బాగుందని కాదు.

కంప్రెషన్ గేజీ డీజిల్‌దే వాడాలి. మంచి ఇంజన్ 25-30 బార్ దగ్గర ఇస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 4 బార్ దాటితే అనుమానమే. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ కొలవడం డీజిల్‌కు నమ్మకం కాదు, పిస్టన్ పైన ఉండే చిన్న ఖాళీని ఆయిలే నింపేస్తుంది. వాల్వులు మూసుకుని ఉండేలా పిస్టన్ పైకి తెచ్చి కంప్రెసర్ గాలి ఎక్కించి వినండి. ఆయిల్ మూత దగ్గర ఊదితే రింగులు, సైలెన్సర్‌లో అయితే వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్.

అపోహ: కొంచెం కిరోసిన్ కలిపితే నాజిళ్లు శుభ్రపడతాయి.
కిరోసిన్‌కు జిడ్డు తక్కువ. పంపు అరిగి, ఆ లోహపు పొడి రైలులోంచి అన్ని ఇంజెక్టర్లలోకీ పోతుంది. అప్పుడు ట్యాంకు దాకా కడగాలి.

అపోహ: ఈ లోడ్ దించి వచ్చాక చూసుకుందాం.
కారే నాజిల్ పిస్టన్ తలను కాల్చి రంధ్రం చేయగలదు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో మండని డీజిల్ మసిని పట్టే సైలెన్సర్ ఫిల్టర్‌నూ పాడుచేస్తుంది. బయలుదేరే ముందు ఇంజన్ ఆయిల్ గేజీ పుల్ల తీసి చూడండి. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే బండి కదిలించొద్దు, లోడ్ వేరే బండిలోకి మార్చండి.