దవడ ఎముకకు కణాలు దాచిపెట్టడం
పన్ను తీయించుకున్న చోట చిగురు కొన్ని వారాల్లో మూసుకుపోతుంది కాబట్టి గాయం మానిందనే అనుకుంటాం. అడుగున ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. పంటి వేరును పట్టి ఉంచడానికే ఏర్పడిన ఆ గట్టు ఏడాదిలో వెడల్పులో దాదాపు సగం కోల్పోతుందనీ, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుందనీ 2003లో డెన్మార్క్ పరిశోధకులు కొలిచి చూపారు. ఆ తర్వాత ఇంప్లాంట్, అంటే ఎముకలో స్క్రూలా బిగించే కృత్రిమ పంటి వేరు, పెట్టించుకోవాలని వెళితే స్క్రూ పట్టుకోవడానికి తగినంత ఎముక ఉండకపోవచ్చు.

అలాంటి చోట దంత వైద్యులు సాధారణంగా దాతల ఎముకను శీతల పద్ధతిలో ఎండబెట్టి చేసిన పొడిని నింపుతారు. అందులో కొలాజెన్ ఉంటుంది, కొంతవరకు ఎముకను పుట్టించే ప్రొటీన్లూ మిగిలి ఉంటాయి. ఖనిజాలు తీసేసిన ఎముకను కండరంలో అమర్చినా అక్కడ కొత్త ఎముక పుడుతుందని 1965లో మార్షల్ యూరిస్ట్ ప్రకటించినది ఈ గుణం గురించే. కానీ ఆ పొడిలో బతికున్న కణం ఉండదు. అది పరంజా మాత్రమే, గోడ లేపే మేస్త్రీలు చుట్టుపక్కల ఎముక నుంచి రావాలి. చిన్న గుంటకు ఆ రాక సరిపోతుంది. నష్టం పెద్దదైతే, రోగి సొంత కణాలనే పెంచి పరంజాతో కలిపి పెట్టడం మేలన్న ఆలోచన నాకు సబబుగా తోస్తుంది.

ఎముకలో కూరుకుపోయిన ముదురు కణాలు విభజన చెందవు. అందుకే ఎముకను అంటిపెట్టుకుని ఉండే పెరియోస్టియం అనే పైపొర నుంచి చిన్న ముక్క తీసి, అందులోని లేత కణాలను కొన్ని వారాలపాటు పెంచుతారు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో, జపాన్‌లోని నీగాటాలో వైద్యులు ఈ పద్ధతిని రోగులకు వాడి చూశారు. ఫలితం అందరిలో ఒకేలా రాలేదు.

ఇక్కడే దాచడం అవసరమవుతుంది. కణాలు సిద్ధమైన రోజున రోగి సిద్ధంగా ఉండకపోవచ్చు, నెలల తర్వాత రెండో శస్త్రచికిత్స కావలసి రావచ్చు. అలాగని మామూలు ఫ్రీజర్‌లో పెడితే కణాలు బతకవు. అందులో పెట్టిన టమాటాను బయటికి తీస్తే మెత్తబడి నీరు కారినట్టే, లోపల పెరిగిన మంచు స్ఫటికాలు కణపు పొరలను దెబ్బతీస్తాయి. చలి మరీ వేగంగా పెరిగితే మంచు కణం లోపలే కడుతుంది, మరీ నెమ్మదిగా పెరిగితే కణం నీరు కోల్పోయి చుట్టూ చిక్కబడిన లవణాల మధ్య పాడవుతుంది. అందుకే మంచు దెబ్బ నుంచి కణాలను కాపాడే ద్రవంగా 1959 నుంచి వాడుకలో ఉన్న డైమిథైల్ సల్ఫాక్సైడ్‌ను దాదాపు పది శాతం కలిపి, నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబరచి, చివరికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోకి చేరుస్తారు. అంత చలిలో కణంలోని రసాయన చర్యలు దాదాపు ఆగిపోతాయి కాబట్టి ఏళ్ల తరబడి నిల్వ ఉంచవచ్చు.

తిరిగి బయటికి తీసేటప్పుడు మాత్రం ఆలస్యం పనికిరాదు. బొటనవేలంత సీసాను 37 డిగ్రీల నీటిలో ఆడిస్తూ, లోపల కందిగింజంత మంచు మిగిలినప్పుడే తీసేస్తారు, ఎందుకంటే కణాలను కాపాడిన ఆ డైమిథైల్ సల్ఫాక్సైడే వెచ్చబడితే వాటికి విషమవుతుంది. ఆ తర్వాత ఎన్ని కణాలు బతికాయో లెక్కిస్తారు. నా దృష్టిలో అసలు పరీక్ష ఆ లెక్క కాదు. బతికిన కణానికి ఎముక కట్టే పని ఇంకా గుర్తుందా అన్నదే అసలు పరీక్ష. అందుకు కొన్ని కణాలను పళ్లెంలో వారాలపాటు పెంచి, అలిజరిన్ రంగు వేస్తారు. అవి కాల్షియం పేర్చి ఉంటే పళ్లెం అడుగున ఎర్రటి మచ్చలు తేలతాయి.