మధ్యరకం హ్యాండ్‌కు అంత పెద్ద పాట్ దేనికి? పోకర్ అపోహలు - వాస్తవాలు

నల్గొండలో మా ఆదివారం బల్ల మీద చిప్స్ బదులు చింతగింజలు నడుస్తాయి. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడితే నేరం, 2017లో చట్టం సవరించాక ఆన్‌లైన్‌లో ఆడినా అంతే. గింజలతోనే అయినా కొత్తవాళ్లు చేసే తప్పులు మాత్రం అవే. చాలామంది మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్లు మరి!

అపోహ: జత పడితే ప్రతి రౌండ్‌లో బెట్ కొట్టాల్సిందే, చెక్ (బెట్ వేయకుండా వంతు వదిలేయడం) అన్నామంటే భయపడ్డట్టే.

వాస్తవం: మీ దగ్గర ఆసు, తొమ్మిది ఉన్నాయనుకోండి. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు రాజు, ఆఠీను తొమ్మిది, కళావరు రెండు పడ్డాయి. మీది తొమ్మిదుల జత, మధ్యరకం హ్యాండ్. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 100 గింజలు, ఎదురుగా ఒక్కడే. ఫ్లాప్, టర్న్ (నాలుగో ముక్క), రివర్ (అయిదో ముక్క), ఈ మూడు రౌండ్లలోనూ పాట్ ఎంతుంటే అంత బెట్ వేస్తూ పోతే, అతను కాల్ చేస్తూ (తనూ అంతే పెడుతూ) ఉంటే, పాట్ 300, తర్వాత 900, చివరికి 2,700 అవుతుంది. అందులో మీరు వేసినవే 1,300. ఒక్క రౌండ్ చెక్ చేస్తే పాట్ 900 దగ్గర ఆగుతుంది, మీవి 400. పోనీ మూడుసార్లూ సగం పాట్ బెట్టే వేసినా 350తో సరి.

అసలు మూడు పెద్ద బెట్లకు కాల్ చేసేదెవరు? చేతిలో రాజు ఉండి, రాజుల జత పడ్డవాడే. మీకంటే చిన్న జత ఉన్నవాడు మధ్యలోనే ముక్కలు పడేస్తాడు.

అపోహ: చెక్ చేస్తే అవతలివాడికి ఊరికే ముక్క చూపించినట్టు.

వాస్తవం: బోర్డును (బల్ల మీద తెరిచిన ముక్కలను) బట్టి. పై బోర్డు మీద అతని దగ్గర ఎనిమిదుల జత ఉంటే, టర్న్‌లో మూడో ఎనిమిది పడేది నూటికి నాలుగు సార్లే. అదే ఒకే గుర్తువి రెండున్న వేరే బోర్డు మీద అతనికి ఫ్లష్‌కు (ఒకే గుర్తు ముక్కలు ఐదు) ఒక్క ముక్క తక్కువైతే తొమ్మిది ముక్కలు పనికొస్తాయి, అంటే నూటికి 20 సార్లు. అలాంటప్పుడు ఫ్లాప్‌లో బెట్ వేసి, టర్న్‌లో చెక్ చేయడం నాకు అలవాటు.

అపోహ: చిన్న బెట్ వేస్తే పాట్ మన చేతిలో ఉంటుంది.

వాస్తవం: చివర ఆడే వంతు మీదైతేనే. ముందు ఆడాల్సివస్తే, మీరు చెక్ అన్నా అతను బెట్ వేస్తాడు, చిన్న బెట్ వేస్తే రైజ్ చేస్తాడు, అంటే ఇంకా పెంచుతాడు. అలాంటి చోట మధ్యరకం ముక్కలు అసలు ఆడకపోవడమే నయం. రమ్మీ ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: మొదట్లోనే డ్రాప్ అంటే పోయేవి 20 పాయింట్లు, మధ్యలో 40, ఆశతో కూర్చుంటే 80 దాకా.

ఇక ఏమీ పడని చెత్త హ్యాండ్‌కు ఈ లెక్కలేవీ వద్దు. బ్లఫ్ చేయండి (మంచి ముక్కలున్నట్టు బెట్ వేయండి), లేదా ఫోల్డ్ చేయండి (ముక్కలు పడేయండి).

పోయిన ఆదివారం ఇదే ఆసు-తొమ్మిదితో, పై లెక్కలోలాగే ఫ్లాప్‌లో రాజు, తొమ్మిది, పాట్‌లో 100 ఉండగా, మా బావమరిది మీద ఆడాను. వాడి తర్వాతే నా వంతు. ఫ్లాప్‌లో ఇద్దరం చెక్, టర్న్‌లో నేను 100 వేస్తే కాల్ చేశాడు. రివర్‌లో 300 పాట్‌కు 150 వేశాడు. 150 పెడితే 450 వస్తాయి, నాలుగింట ఒకసారి గెలిచినా నష్టం లేదు కాబట్టి కాల్ చేశా. రాజు చూపించాడు. ఫ్లాప్ తర్వాత నాకు పోయినవి 250 గింజలు. టర్న్‌లో ఎందుకు రైజ్ చేయలేదా అని వాడింకా తల పట్టుకుంటున్నాడు.