వాల్‌నట్ వగరు, క్యాన్సర్ కబురు

వాల్‌నట్ పప్పును నెమ్మదిగా నమిలితే నాలుకకు వగరు తగులుతుంది. ఆ వగరు పప్పుది కాదు, దాన్ని అంటిపెట్టుకున్న పల్చటి గోధుమరంగు పొరది. కరక్కాయలో, దానిమ్మ తొక్కలో ఉండే ఎల్లాజిటానిన్లు అనే వగరు పదార్థాలే అందులోనూ ఉన్నాయి. బాదంపప్పుకు వలిచినట్టు దీనికీ పొర వలిచేస్తే వాటిలో ఎక్కువ భాగం పోయినట్టే. 'వాల్‌నట్ తింటే క్యాన్సర్ రాదు' అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ల వెనక కొంత నిజం ఉంటే, అది చాలావరకు ఈ పొరలోనే ఉంది.

మొదట వాల్‌నట్‌కు పేరొచ్చింది గుండె విషయంలో. 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా యూనివర్సిటీ వాళ్లు, అది తిన్నవాళ్లలో కొలెస్ట్రాల్ తగ్గిందని చూపించారు. 2004లో ఆహారం, మందుల మీద నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, రోజుకు 42 గ్రాములు తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ మీద రాసుకోనిచ్చింది. ఆధారాలు తిరుగులేనివి కావని కూడా పక్కనే రాయాలంది.

క్యాన్సర్ మాట గట్టిగా వినిపించింది వెస్ట్ వర్జీనియాలోని మార్షల్ యూనివర్సిటీ నుంచి. ఎలేన్ హార్డ్‌మన్ బృందం ఎలుకల్లో మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు పెట్టి, వాల్‌నట్ కలిపిన మేత పెట్టింది. కణితులు పెరిగే వేగం తగ్గిందని 2008లో ప్రకటించింది. ఎలుకలు తిన్నది మనిషి లెక్కలో రోజుకు సుమారు 56 గ్రాములు, అంటే రెండు గుప్పెళ్లు. ఈ పరిశోధనలకు కాలిఫోర్నియా వాల్‌నట్ కమిషన్ డబ్బూ అందింది. పంట అమ్ముకునేవాళ్లు ఖర్చు పెట్టినంత మాత్రాన ఫలితం అబద్ధం అయిపోదు గానీ, చదివేవాళ్లకు ఆ సంగతి తెలియాలి. 2010లో అక్కడి ఒక కంపెనీ తన వాల్‌నట్లు కొన్ని క్యాన్సర్ల నుంచి కాపాడవచ్చని ప్రచారం చేసుకుంటే, 'ఇలా చెప్తే మీ సరుకు మందు కిందికి వస్తుంది' అని ఎఫ్‌డీఏ హెచ్చరిక పంపింది.

2019లో హార్డ్‌మన్ బృందం మనుషుల దాకా వచ్చింది. రొమ్ములో గడ్డకు బయాప్సీ జరిగాక ఆపరేషన్ దాకా ఉన్న రెండు వారాలు కొందరు మహిళలకు వాల్‌నట్లు పెట్టారు. 456 జన్యువుల పనితీరులో మార్పు కనిపించింది. పత్రికల్లో ఈ అంకె బాగా తిరిగింది. పాల్గొన్నది పదిమందే అన్న ముక్క మాత్రం వెనకబడింది.

ఈలోగా అసలు ప్రశ్నే మారింది. ఎల్లాజిటానిన్లు నేరుగా రక్తంలోకి పెద్దగా వెళ్లవు. పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని విడగొట్టి యూరోలిథిన్లుగా మారుస్తుంది. ఆ బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఒకేలా ఉండదు. కొందరిలో యూరోలిథిన్లు దండిగా తయారవుతాయి, కొందరిలో అసలు తయారే కావు. ఒకే గిన్నెలోంచి చెరో గుప్పెడు తిన్న ఇద్దరికి దక్కేది ఒకటి కాదన్నమాట. కనెక్టికట్ యూనివర్సిటీలో డేనియల్ రోజెన్‌బర్గ్ బృందం పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న 39 మందికి మూడు వారాలు వాల్‌నట్లు పెట్టి, వాళ్ల మూత్రంలో యూరోలిథిన్లు కొలిచింది. అవి బాగా తయారైనవాళ్లలో ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోలోపలి వాపు) సూచికలు కొన్ని తగ్గాయి.