వైరస్‌ను పట్టే కాంతి చిప్‌లు: అపోహలు - వాస్తవాలు

వేవ్‌గైడ్ సెన్సర్ల (సన్నటి పొరలో కాంతిని నడిపి వైరస్‌ను పట్టే చిప్‌ల) డిజైన్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా లేజర్ గురించి, డిటెక్టర్ గురించి అడుగుతుంటారు. అసలు చిక్కంతా చిప్ మీద పారే ఆ కాస్త ద్రవంలో ఉంటుందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఈ చిప్ వైరస్‌ను ఫొటో తీస్తుంది.

లేదు. గాజు మీద పరిచిన సన్నటి సిలికాన్ నైట్రైడ్ పొరలో కాంతి ప్రయాణిస్తుంది. అందులో కొంత భాగం పైనున్న నీటిలోకి పొంగి, కొన్ని పదుల నానోమీటర్లు దాటేసరికి సన్నగిల్లిపోతుంది. ఉపరితలానికి అంటించిన యాంటీబాడీలు వైరస్‌ను పట్టుకున్నప్పుడు నీళ్లు ఉన్న చోటికి ప్రోటీన్ వస్తుంది, కాంతి కాస్త నెమ్మదిస్తుంది. దాంతో కాంతి తరంగం కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటునే, అంటే ఫేజ్ తేడానే మనం కొలుస్తాం.

అపోహ: ప్రోటీన్లను బాగా పట్టిన డిజైన్ వైరస్‌కు ఇంకా బాగా పనిచేస్తుంది.

వైరస్ పెద్దది కదా, సిగ్నల్ కూడా పెద్దదే వస్తుందని అనుకుంటారు. లెక్క వేసి చూడండి. కరోనా వైరస్ వ్యాసం సుమారు 100 నానోమీటర్లు. యాంటీబాడీ మీద కూర్చున్నాక దాని మధ్యభాగం ఉపరితలానికి 60 నానోమీటర్ల ఎత్తులో ఉంటుంది. 633 నానోమీటర్ల ఎర్ర లేజర్ వాడి, కాంతిని కోర్‌లో (అది నడిచే నైట్రైడ్ పొరలో) గట్టిగా బిగించారనుకుందాం. ఎఫెక్టివ్ ఇండెక్స్ (పొరలో కాంతి ఎంత నెమ్మదిగా సాగుతోందో చెప్పే అంకె) 1.7 ఉంటే, ఆ ఎత్తులో ఉపరితలం దగ్గరి తీవ్రతలో 30 శాతం కూడా మిగలదు. వైరస్ పై సగం దాదాపు చీకట్లోనే ఉంటుంది. కోర్‌ను పలచన చేసి ఇండెక్స్‌ను 1.5కి దించితే అదే చోట 44 శాతం దాకా మిగులుతుంది.

అలాగని ఇష్టమొచ్చినట్టు పలచన చేయడానికీ లేదు. కాంతి అడుగున ఉన్న గాజులోకి జారుతుంది, వంపుల దగ్గర లీకవుతుంది. అందుకే వంపుల వ్యాసార్థం పెంచాలి, దాంతో చిప్ పెద్దదవుతుంది. పైగా ద్రవంలో ఉప్పు కాస్త మారినా సిగ్నల్ కదులుతుంది. ఏ వైరస్ కోసమో తేలకుండా కోర్ మందం ఖాయం చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: సున్నితత్వం పెంచితే చాలు, మిగతాది అదే దారికొస్తుంది.

నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో యంగ్ ఇంటర్‌ఫెరోమీటర్ (వేర్వేరు దారుల్లో వచ్చిన కాంతిని కలిపి ఫేజ్ తేడాను కొలిచే) చిప్‌తో హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌ను మిల్లీలీటరుకు 850 కణాల స్థాయిలో గుర్తించారు. అద్భుతమైన పనే. అయితే ఆ సాంద్రతలో 100 మైక్రోలీటర్ల నమూనా తీసుకుంటే అందులో ఉండేది 85 వైరస్‌లు. అవి చిప్‌ను చేరాలి కదా! 100 నానోమీటర్ల కణం తనంతట తాను నీటిలో 100 మైక్రోమీటర్లు కదలడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. ద్రవాన్ని వేగంగా తోస్తే చాలా వైరస్‌లు ఉపరితలాన్ని తాకకుండానే బయటికి పోతాయి. ఛానల్ లోతు తగ్గించడం, పైకప్పులో ఏటవాలు గాడులు పెట్టి ద్రవాన్ని కలియబెట్టడం, నమూనాను మళ్లీ మళ్లీ తిప్పడం లాంటి వాటికి పెట్టిన శ్రమ ఊరికే పోదు.

అపోహ: రిఫరెన్స్ ఛానల్ దండగ, టెంపరేచర్ తేడాను సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు.

గది ఉష్ణోగ్రత దగ్గర నీటి వక్రీభవన గుణకం (అందులో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) డిగ్రీకి సుమారు 0.0001 మారుతుంది. మంచి ఇంటర్‌ఫెరోమీటర్ 0.0000001 మార్పును కూడా చూడగలదు. అంటే నీళ్లు డిగ్రీలో వెయ్యో వంతు చల్లబడినా, వైరస్ అంటుకున్నట్టే గ్రాఫ్ కదులుతుంది. అంత ఖచ్చితంగా కొలిచే థర్మామీటర్‌ను చిప్ పక్కన పెట్టడం కంటే, అదే నమూనా పారే రెండో ఛానల్ పెట్టి, అందులో ఈ వైరస్‌ను పట్టని యాంటీబాడీ అంటించడం తేలిక. రెండింటి తేడా తీస్తే టెంపరేచర్ ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. స్థలం లేదని ఈ ఛానల్‌ను తీసేసిన డిజైన్‌కు నేనైతే ఓకే చెప్పను.

అపోహ: బఫర్‌లో (ల్యాబ్‌లో వాడే శుభ్రమైన ద్రావణంలో) వచ్చిన ఫలితమే లాలాజలంలోనూ వస్తుంది.

లాలాజలంలో మ్యూసిన్లు (జిగురునిచ్చే ప్రోటీన్లు), ఎంజైములు, బ్యాక్టీరియా, తిన్న తిండి తునకలు ఉంటాయి. వాటిలో ఏది ఉపరితలానికి అంటుకున్నా కాంతికి ఒకటే. పాలీఇథిలిన్ గ్లైకాల్ లాంటి పూత వేస్తే ఇవి అంటుకోవడం తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు. అందుకే ఎంత తక్కువ వైరస్‌ను గుర్తించగలమో చెప్పేటప్పుడు ఏ ద్రవంలో కొలిచారో కూడా రాయాలి.

అపోహ: సిగ్నల్ వచ్చిందంటే రోగి నుంచి ఇతరులకు అంటుతుంది.

యాంటీబాడీ గుర్తుపట్టేది వైరస్ పైనున్న ప్రోటీన్‌ను. శక్తి కోల్పోయిన వైరస్‌కూ ఆ ప్రోటీన్ ఉంటుంది. అది సోకగలదో లేదో తేల్చాలంటే కణాల్లో పెంచి చూడాల్సిందే.