మీటరు 12 చూపిస్తే వైరు బాగున్నట్టేనా? ఆటో ఎలక్ట్రికల్ టెస్టింగ్‌లో అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఆటో ఎలక్ట్రికల్ పని నేర్చుకుంటున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, ఏ మీటరు కొనాల?" ధర చెప్పి పంపిస్తే సరిపోదు. సర్క్యూట్‌కు తగిలించే వోల్టు మీటరైనా, టెస్ట్ బల్బైనా ఎంతో కొంత కరెంటు తీసుకునే మనకు జవాబు చెబుతుంది. అది ఎంత తీసుకుంటుందో తెలిస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది. ఈ లెక్క తెలియకనే మంచి రిలేలు, మంచి సెన్సర్లు, ఒక్కోసారి మంచి ఈసీఎంలు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లు) కూడా కస్టమర్ డబ్బుతో మారిపోతున్నాయి.

అపోహ: మంచి డిజిటల్ మీటరు కొన్నాక టెస్ట్ బల్బుతో (రెండు వైర్లు వేసిన బండి బల్బుతో) పని లేదు.

వాస్తవం: డిజిటల్ మీటరును వోల్టుల్లో పెడితే దాని లోపలి రెసిస్టెన్స్ మామూలుగా 10 మెగా ఓమ్‌లు. 12 వోల్టుల దగ్గర అది తీసుకునే కరెంటు ఒక మైక్రో ఆంపియర్‌కు కాస్త ఎక్కువ. కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) పిన్నుకు చిలుము పట్టి 5 ఓమ్‌ల అడ్డు ఏర్పడినా మీటరుకు తెలియదు, నిండుగా 12.5 చూపిస్తుంది. అదే లైను మీద 55 వాట్ల హెడ్‌లైట్ వేస్తే బల్బు నాలుగున్నర ఆంపియర్లు అడుగుతుంది, దానికి సగం వోల్టేజి కూడా అందదు. డ్రిప్పు వేసిన రైతుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు: వాల్వు మూసి ఉన్నంతసేపూ గేజీ ప్రెషర్ బాగానే చూపిస్తుంది, నీళ్ళు వదిలితేనే పైపులో మట్టి అడ్డం పడిందని తెలుస్తుంది.

కాబట్టి పవర్ లైను చూడాలంటే లోడ్, అంటే బల్బులాగా కరెంటు లాగేది, పెట్టాలి. ఆ లోడ్ కూడా పనికి తగ్గట్టు ఉండాలి. 5 వాట్ల టెస్ట్ బల్బు 0.4 ఆంపియర్ తీసుకుంటుంది. పైన చెప్పిన 5 ఓమ్‌ల అడ్డు ఉన్నా అది కాస్త మసకగా వెలుగుతుంది, అంతే. చాలామంది ఇక్కడే మోసపోతారు. హెడ్‌లైట్ లైను మీద అనుమానం ఉంటే పాత హెడ్‌లైట్ బల్బుకే రెండు వైర్లు వేసి పెట్టి చూడండి. ఇండికేటర్, బ్రేక్ లైట్ లైన్లకు 21 వాట్ల బల్బు చాలు. ఎల్‌ఈడీ టెస్టర్ ఈ పనికి రాదు, అదీ మీటరులాగే నామమాత్రం కరెంటుకే వెలుగుతుంది. ఇంకో మాట. తాడిపత్రి నుంచి బండలు మోసుకొచ్చే పెద్ద లారీలు 24 వోల్టులవి. వాటికి 12 వోల్టుల బల్బు పెడితే అది కాసేపట్లో మాడిపోతుంది, వైరులో కరెంటే లేదని అనుకుంటారు. రెండు రకాల బల్బులూ దగ్గర పెట్టుకోవాలి.

అపోహ: టెస్ట్ బల్బు పాతకాలం నుంచి వాడుతున్నదే, ఎక్కడైనా గుచ్చొచ్చు.

వాస్తవం: సెన్సర్ లైన్ల మీద వద్దు. వాటిలో చాలావాటికి ఈసీఎం ఇచ్చేది 5 వోల్టులు, అదీ చాలా తక్కువ కరెంటుతో. బల్బు పెడితే ఆ వోల్టేజి పడిపోతుంది, ఈసీఎం లోపల ఆ లైనును నడిపే సర్క్యూట్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇక్కడ మాత్రం 10 మెగా ఓమ్‌ల మీటరే సరైనది. ఎయిర్‌బ్యాగ్ పసుపు కప్లర్ల దగ్గర బల్బూ వద్దు, ఓమ్స్‌లో పెట్టిన మీటరూ వద్దు. మీటరు పంపే చిన్న కరెంటుతో కూడా బ్యాగ్ పేలవచ్చు. లోపాన్ని స్కానర్‌తోనే (బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే పరికరంతోనే) చూడాలి, కప్లర్ ముట్టుకోవాలంటే ముందు బ్యాటరీ తీసి, ఆ బండి మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాలి. ఈ విషయంలో తొందర ఉన్న పిల్లల్ని నేను స్టీరింగ్ దగ్గరికి రానివ్వను.

అపోహ: కంటిన్యూటీలో (వైరు తెగిందో లేదో చూసే మోడ్‌లో) పెట్టిన మీటరు బీప్ కొట్టిందంటే ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కూ బండి ఇనుముకూ ఉన్న కనెక్షన్) బాగున్నట్టే.

వాస్తవం: మా పనిలో ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. చాలా మీటర్లు 20, 30 ఓమ్‌ల వరకు కూడా బీప్ కొడతాయి. సెల్ఫ్ మోటర్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు ఎర్త్‌లో 0.01 ఓమ్ ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది. అంత చిన్న ఓమ్‌లను మామూలు మీటరు చూడలేదు. కానీ ఆ ఒకటిన్నర వోల్టును ఏ మీటరైనా చూస్తుంది.

మీటరును డీసీ వోల్టుల్లో పెట్టండి. ఒక ప్రోబ్ ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకు, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ పోస్టుకు ఆనించండి. పోస్టు మీద బిగించే కేబుల్ క్లాంపుకు కాదు, పోస్టుకే. ఎందుకంటే క్లాంపు లూజుగా ఉంటే ఆ తేడా కూడా మీటరులో పడాలి. సెల్ఫ్ కొట్టమనండి. 0.2 దరిదాపుల్లో ఉంటే సరే, అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ విప్పి చూడాల్సిందే. ఇలాగే పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటర్ బోల్టు దాకా చూడొచ్చు. బ్యాటరీ మార్చి, సెల్ఫ్ విప్పి కట్టినా తిరగని ఒక పికప్ బండిలో దొరికిన లోపం, పెయింటు మీదే బిగించిన ఎర్త్ బోల్టు. ఉప్పు కాగితంతో గీకడానికి అయిదు నిమిషాలు పట్టింది.

అపోహ: ఏ క్లాంప్ మీటరైనా (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) బ్యాటరీ కరెంటు చూపిస్తుంది.

వాస్తవం: చవకగా దొరికేవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. ఇళ్ళ వైరింగ్‌కు అవి సరిపోతాయి, బండికి పనికిరావు. డీసీ ఆంపియర్ గుర్తు ఉందో లేదో చూసి కొనండి, ప్రతిసారీ జీరో నొక్కి మొదలుపెట్టండి. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోయే బళ్ళకు ఇది చాలా ఉపయోగం. బండి ఆపి తాళం చెవి తీసేసి, బండి లోపలి మాడ్యూళ్ళు నిద్రపోయేదాకా అరగంట ఆగాక, సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. అర ఆంపియర్ లాగుతుంటే 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగు రోజుల్లోపే ఖాళీ. చిన్న కరెంట్లు సరిగ్గా చూపే క్లాంపు లేకపోతే మీటరు 10 ఆంపియర్ల బొక్కలో ప్రోబ్ పెట్టి సీరీస్‌లో చూడాలి. పనవ్వగానే ఆ ప్రోబ్ తీసెయ్యాలి. మరిచిపోయి దాంతోనే వోల్టులు చూస్తే నేరుగా షార్టే.

అపోహ: బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బళ్ళకు స్కానర్ చాలు, కోడ్ ఏం చెబితే అది మార్చడమే.

వాస్తవం: కోడ్ సర్క్యూట్ పేరు చెబుతుంది. పార్టు చెడిందో, వైరు తెగిందో అది చెప్పదు. పి0118 (కూలెంట్ సెన్సర్ లైనులో వోల్టేజి ఎక్కువ ఉందనే కోడ్) వచ్చింది, కూలెంట్ టెంపరేచర్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తోంది అనుకోండి. అనంతపురం మే నెలలో మైనస్ 40 ఏమిటి? సర్క్యూట్ ఎక్కడో తెరుచుకుంది, అంతే. కప్లర్ పీకి, వైరు వైపు రెండు పిన్నులనూ చిన్న తీగతో కలపండి. టెంపరేచర్ లెక్క పైకి ఎగబాకి పి0117 (అదే లైనులో వోల్టేజి తక్కువ ఉందనే కోడ్) వస్తే వైరూ ఈసీఎమూ బాగున్నట్టు, అప్పుడు సెన్సర్ మార్చొచ్చు. మారకపోతే కొత్త సెన్సర్ డబ్బు దండగ. స్కానరే ఈసీఎంతో మాట్లాడకపోతే, చాలా బళ్ళలో బ్యాటరీ తీసి ఓబీడీ కప్లర్ (స్కానర్ తగిలించేది) 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడొచ్చు. 60 ఉండాలి. 120 ఉంటే ఒక చివరి రెసిస్టర్ తెగినట్టు, సున్నాకు దగ్గరైతే క్యాన్ వైర్లు (మాడ్యూళ్ళు మాట్లాడుకునే జత వైర్లు) ఒకదానికొకటి తగిలినట్టు.

ఇక మీటరు ధర విషయం. పది వేల మీటరు లేకపోయినా పని ఆగదు. కానీ మిన్-మ్యాక్స్ (కనిష్ఠ, గరిష్ఠ లెక్కలు గుర్తుంచుకునే) బటన్ ఉన్నది కొనండి, సెల్ఫ్ కొట్టిన క్షణంలో బ్యాటరీ 9.6 కంటే కిందికి పోయిందో లేదో అదే పట్టి ఉంచుతుంది. ఎలక్ట్రిక్ బళ్ళ నారింజ రంగు కేబుళ్ళకు మాత్రం ఈ చవక మీటర్లూ, మామూలు ప్రోబులూ తీసుకుపోవద్దు. అక్కడ వందల వోల్టులు ఉంటాయి. క్యాట్ 3 (భద్రతా తరగతి), 1000 వోల్టుల రేటింగ్ ఉన్న మీటరు, ఇన్సులేషన్ గ్లవుజులు, దాని కోసం ట్రైనింగ్ లేకుండా ఆ కేబుల్ ముట్టుకోవద్దు.